సున్నా గారిని ఆపిన ఐదో నంబరు

భానోజీ చేసిన తప్పల్లా ఒక్కటే. సంజాయిషీ అడిగితే నిజం రాశాడు. అన్నేళ్ళ సర్వీసున్న మనిషి చేయవలసిన పని కాదది. "సాంకేతిక కారణాల వల్ల" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటే ఆ కాగితం ఏ ఫైల్లోనో పడి నిద్రపోయేది. అతను మాత్రం జరిగింది జరిగినట్టు, అరపేజీ రాసి కింద సంతకం పెట్టాడు.

ఉపాధ్యాయుల బదిలీల సంచాలక కార్యాలయంలో అతను సిస్టమ్ ఇంజనీరు. అక్కడున్న పెద్ద కంప్యూటరు బాగా నడిచినంతకాలం భానోజీ అనేవాడొకడున్నాడని ఎవరికీ పట్టదు. అది మొరాయించిన పూట మాత్రం అతని పేరు డైరెక్టరు గారి నుంచి అటెండరు దాకా అందరి నోళ్ళలోనూ నానుతుంది. టీచర్లు ఏ బడి కావాలో ఆ యంత్రానికి చెప్పుకుంటారు. అది వాళ్ళ సీనియారిటీ, పాయింట్లు చూసి ఎవరికి ఏ ఊరో తేలుస్తుంది. బీరువా అంత ఉండే దాని ఒంట్లో ఎనిమిది ప్రాసెసర్లు, సున్నా నుంచి ఏడు దాకా నంబర్లు. ఎనిమిదీ ఒకే రికార్డులు ముందేసుకుని పని పంచుకుంటాయి.

భానోజీ భార్య హైమావతి కూడా టీచరే. ఏజెన్సీలో గుమ్మలగొంది అనే ఊళ్ళో ఆమె ఉద్యోగం. బస్సు దిగాక ఇంకా కొండెక్కాలి. నాలుగేళ్ళుగా వాళ్ళ కాపురం సెలవుల్లోనే నడుస్తోంది. ఈ ఏడు ఆమె సీనియారిటీకి భార్యాభర్తల పాయింట్లు కలిస్తే, భానోజీ ఉండే వీధి చివరి తోటవీధి హైస్కూలు దాదాపు ఖాయం. కాకపోతే బళ్ళు తెరిచేలోగా బదిలీలు జరగాలి. జరక్కపోతే మళ్ళీ ఏడాది దాకా ఎదురుచూడాలి. కాబట్టి ఆ యంత్రం బాగుండాలని కోరుకునేవాళ్ళు రాష్ట్రంలో ఎందరున్నా, భానోజీ అంతగా కోరుకున్నవాడు ఇంకొకడు లేడు.

అసలు బదిలీలకు ముందు జరిపిన ట్రయల్ రన్ రోజున ఐదో నంబరు ప్రాసెసరు తన పని తాను చేసుకుపోతూ కెర్నెల్లో ఉండకూడనిదేదో చూసింది. కెర్నెల్ అంటే ఆ యంత్రానికి ఆయువుపట్టు. అక్కడ తప్పు కనిపించాక ఇక దేన్నీ నమ్మడానికి లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో దాన్ని తయారుచేసినవాళ్ళు ముందే రాసి పెట్టారు. తప్పును ముందుగా ఎవరు చూస్తే వారు మిగతా అందర్నీ ఉన్నవాళ్ళను ఉన్నట్టు ఆపెయ్యాలి. ఆపకపోతే వాళ్ళు చెడిపోయిన రికార్డు మీదే రాసుకుంటూ పోయి, బాగున్నది కూడా చెడగొడతారు. అందరూ ఆగాక ఎవరు ఏ పనిలో ఉన్నారో ఒకచోట రాసి పెట్టి, యంత్రాన్ని మళ్ళీ మొదటినుంచి లేపాలి. ఐదో నంబరు అక్షరాలా ఇదే చేసింది. భానోజీ టీ తాగి వచ్చేసరికి యంత్రం లేచి కూర్చుంది. ఒక్క రికార్డు కూడా పోలేదు. దోషం ఎక్కడుందో కంపెనీవాళ్ళు వెతుక్కుంటారు, ఈలోగా ఇలా ఆగి లేస్తూ ఉంటే ఎవరికీ నష్టం లేదు. యంత్రం ఎందుకు ఆగిందని ఆఫీసు అడిగితే ఆ ముక్కే అతను సంజాయిషీలో రాశాడు. "దోషమును గమనించిన ఐదవ నంబరు ప్రాసెసరు, సున్నాతో సహా మిగిలిన ఏడింటిని తక్షణమే ఆపివేసి రికార్డులను కాపాడినది."

ఆ కాగితం ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు తాతాచార్యుల బల్ల మీదకు వెళ్ళింది. ఆయన ఉద్యోగజీవితమంతా సీనియారిటీ జాబితాల మధ్యే గడిచింది. పెళ్ళి భోజనాల్లో కూడా ఎవరు ఎవరి తర్వాత కూర్చున్నారో చూసుకుని గానీ విస్తట్లో చెయ్యి పెట్టడు. "సున్నాతో సహా" అన్నచోట ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి, ఫైలు చంకన పెట్టుకుని నేరుగా డైరెక్టరు చక్రధరరావు గారి గదిలోకి నడిచాడు. భానోజీకి పిలుపు వచ్చింది.

"భానోజీ గారూ, ఈ ఐదో నంబరు ఎవరి అనుమతితో సున్నాను ఆపింది?" అని అడిగాడు తాతాచార్యులు.

"అనుమతి ఉండదండి. ఎవరు ముందు చూస్తే వాళ్ళు ఆపీయాల. అదే పద్ధతి."

"ఎవరు చూస్తే వాళ్ళు," అన్నారు డైరెక్టరు గారు నెమ్మదిగా. ఆ మాట ఆయనకు నచ్చలేదు. "ఈ ఎనిమిది మందిలో సీనియరెవరు?"

ఇక్కడ భానోజీ రెండో తప్పు చేశాడు. మళ్ళీ నిజమే చెప్పాడు. "సీనియరని కాదు గాని సార్, కరెంటు ఇవ్వగానే ముందుగా సున్నా లేస్తాది. అది లేచి మిగతావాళ్ళని ఒక్కొక్కర్నీ లేపుతాది."

తాతాచార్యులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే అందరూ ఒకే తేదీన, ఒకే పూట విధుల్లో చేరినప్పటికీ వారి మధ్య అంతర సీనియారిటీ స్పష్టంగా ఉంది. పైగా సున్నా గారు నియామకాధికారి. తనను విధుల్లోకి తీసుకున్న అధికారినే ఈ ఐదో నంబరు ఆపివేసింది. ఇది మామూలు విషయం కాదు సార్."

"ఇవాళ ఇది సున్నాను ఆపింది. దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే రేపు అటెండరు నన్ను ఆపుతాడు," అన్నారు డైరెక్టరు గారు. టీ కప్పుల ట్రే పట్టుకుని లోపలికి రాబోతున్న అటెండరు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రమే ఐదో నంబరుకు మెమో తయారైంది. నీపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను అని దాని సారాంశం. అందుకున్నట్టు సంతకం చెయ్యలేదు కనుక ఇద్దరు సాక్షుల సమక్షంలో మెమోను యంత్రం తలుపుకు అంటించారు. గడువులోగా జవాబు రాలేదు. మౌనాన్ని ధిక్కారంగా పరిగణించి దాన్ని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లో ఉన్న ఉద్యోగికి సగం జీతమివ్వాలని రూలు ఉంది గదా, అందుకని ఐదో నంబరుకు సగం కరెంటు ఇవ్వాలని ఉత్తర్వు. సగం కరెంటుతో ప్రాసెసరు బతకదని భానోజీ చెప్పబోయాడు. "జీవనభృతి అంటేనే అది," అన్నాడు తాతాచార్యులు. చేసేదిలేక భానోజీ దాని వేగం సగానికి తగ్గించి ఊరుకున్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ ఆ కార్యాలయంలో ఒక తప్పు జరిగితే ఒక మనిషిని మందలించి వదిలేసే అలవాటు లేదు. వెంటనే మార్గదర్శకాలు వెలువడతాయి. పది రోజులు కూర్చుని తాతాచార్యులు "ప్రాసెసర్ల ఆపుదల మరియు పునఃప్రారంభ మార్గదర్శకములు" రాశాడు. చక్కటి భాష. దోషము గమనించిన ప్రాసెసరు ఎట్టి పరిస్థితులలోను తనంతట తాను ఇతరులను ఆపరాదు. విషయమును తనకు ముందు నంబరు గల ప్రాసెసరునకు మనవి చేసుకొనవలెను. వారు తమ సిఫార్సుతో పైవారికి, పైవారు ఆ పైవారికి పంపగా, తుది నిర్ణయము సున్నా గారు తీసుకొందురు. అంతవరకు అందరును యథావిధిగా విధులు నిర్వర్తించుచుండవలెను. సున్నా గారు వేరే పనిలో ఉన్నచో ఒకటవ నంబరు ఇన్‌ఛార్జిగా వ్యవహరించును. ఇన్‌ఛార్జికి విధాన నిర్ణయములు తీసుకొను అధికారము లేదు. ఆగుట విధాన నిర్ణయమే.

డైరెక్టరు గారు దానికి ఒక్క వాక్యం జోడించారు. కార్యాలయాధిపతి హోదాలో ఉన్న సున్నా గారు గుమస్తా పని చేయడం శోభించదు, కనుక రికార్డుల పని కిందివారికి వదిలి, తాము సమావేశ మందిరంలోని పెద్ద తెర మీద ప్రగతిని చూపించే పనిలో మాత్రమే ఉండవలెను.

భానోజీ ఆ కాగితాలు చదివి తల పట్టుకున్నాడు. "సార్, అనుమతి వచ్చేలోగా రికార్డులు పాడైపోతాయండి," అన్నాడు తాతాచార్యులతో.

"అనుమతి అడిగితే పాడయ్యేది రికార్డు. అడక్కపోతే పాడయ్యేది వ్యవస్థ. రికార్డుదేముంది, మళ్ళీ రాసుకోవచ్చు." ఆయన గొంతులో కోపం లేదు. పిల్లవాడికి ఎక్కాలు చెప్పినట్టు చెబుతున్నాడు. "ఈ మార్గదర్శకాలు యంత్రంలో అమలు చేసినట్టు మీరు రాసిస్తేనే అసలు కౌన్సెలింగ్‌కు తేదీ ఇస్తాం. ఇబ్బందిగా ఉంటే చెప్పండి, వచ్చే ఏడు చూసుకుందాం."

వచ్చే ఏడు అనేసరికి భానోజీకి హైమావతి కళ్ళముందు మెదిలింది. కిందటి సెలవుల్లో తిరిగి వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి ఆమె ఊరికే చూసింది. అతను కెర్నెల్ తెరిచి కూర్చున్నాడు. ఆపాల్సిన చోట ఆపమనే నాలుగు వరుసలు తీసేసి, మనవులు, సిఫార్సులు, పైవారికి పంపడాలు రాశాడు. ఇంజనీరుగా అతనికి చేతులు రాలేదు. భర్తగా వచ్చాయి.

అసలు కౌన్సెలింగ్ రోజున సమావేశ మందిరం కళకళలాడింది. యంత్రానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పెద్ద తెర మీద సున్నా గారు ప్రగతి శాతాన్ని చూపిస్తుంటే డైరెక్టరు గారు ముందు వరుసలో కూర్చుని తల ఊపుతున్నారు. భానోజీ ఓ మూల చిన్న తెర ముందు, యంత్రానికి పక్కన కూర్చున్నాడు. చేతికందే దూరంలో యంత్రం ఎర్ర స్విచ్చి ఉంది. నొక్కితే ఎనిమిదీ ఆగిపోతాయి.

పని ముప్పై ఏడు శాతం దాకా సాఫీగా సాగింది. అప్పుడు మూడో నంబరుకు కెర్నెల్లో అదే దోషం కనిపించింది. పాత పద్ధతి అయితే కనురెప్ప వేసేలోగా అందర్నీ ఆపేసేది. ఇప్పుడది రూల్సు తెలిసిన ప్రాసెసరు. మనవి రాసి రెండో నంబరుకు పంపింది. రెండోది సిఫార్సు చేసి ఒకటోదానికి పంపింది. ఒకటోది ఇంకా గట్టిగా సిఫార్సు చేసి సున్నా గారికి పంపింది.

సున్నా గారు మనవి చూడాలంటే ముందు తెర మీద అంకె మార్చడం పూర్తి కావాలి. అంకె మార్చాలంటే బదిలీల జాబితా చూడాలి. జాబితాను ఒకరు చూస్తుండగా మరొకరు చూడకుండా దానికో తాళం ఉంది. ఆ తాళం మూడో నంబరు చేతిలో ఉంది. ఉత్తర్వు వచ్చేదాకా ఉన్నది ఉన్నట్టు ఉంచాలి కనుక మూడోది తాళం వదలదు. తాళం రానిదే సున్నా గారు ఉత్తర్వు ఇవ్వరు. ఇద్దరూ రూలు ప్రకారమే ఉన్నారు. ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. పెద్ద తెర మీద ముప్పై ఏడు అలాగే నిలబడిపోయింది.

"ట్రయల్ రోజున ఆ అంకెలు పరిగెడుతుంటే కళ్ళు తిరిగాయి. ఇప్పుడు చూడండి, ఎంత నిలకడగా ఉందో," అన్నారు డైరెక్టరు గారు పక్కవారితో.

భానోజీ ముందున్న చిన్న తెర మీద అసలు సంగతి కనిపిస్తోంది. తాళం లేకుండా జరిగే పనులు మిగతావాటి దగ్గర ఉన్నాయి, యథావిధిగా విధులు నిర్వర్తించమని వాటికి ఉత్తర్వు ఉంది. అవి చెడిపోయిన రికార్డు మీద ఉత్సాహంగా రాసుకుపోతున్నాయి. ఆర్డర్లు మెసేజీలుగా టీచర్ల ఫోన్లకు వెళ్ళిపోతున్నాయి. సస్పెన్షన్లో ఉన్న ఐదో నంబరు కూడా సగం వేగంతో తన వంతు చేస్తోంది.

"సార్, మూడోది ఆగిపోయింది. ఒకటోదాన్నైనా అందర్నీ ఆపనివ్వండి," అని తాతాచార్యుల చెవిలో అన్నాడు.

"ఇన్‌ఛార్జి. అధికారం లేదు," అన్నాడాయన తెర మీంచి చూపు తిప్పకుండా.

భానోజీ వెనక్కి వచ్చి ఎర్ర స్విచ్చి మీద చెయ్యి వేశాడు. వేసిన మాట నిజం. నొక్కేవాడే. జేబులో ఫోను గురగురలాడింది. ఎడం చేత్తో తీసి చూశాడు. హైమావతి మెసేజీ. "వచ్చీసింది. తోటవీధే. సామాన్లు సర్దుకుంటున్నాను."

అతను ఆ ముక్క మూడుసార్లు చదువుకున్నాడు. స్విచ్చి నొక్కితే అన్నీ చెరిగిపోతాయి, ఇది కూడా. నొక్కకపోతే మిగతావాళ్ళ సంగతేమిటో తెలీదు. అతని కుడి చెయ్యి స్విచ్చి మీంచి మెల్లగా జారి ఒళ్ళోకి వచ్చి పడింది. కాసేపటికి చిన్న తెర మీద పని నూటికి నూటపన్నెండు శాతం పూర్తయినట్టు వచ్చింది. ఆ మాట చెవిన పడగానే డైరెక్టరు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లక్ష్యాన్ని మించి సాధించిన కార్యాలయం తమదేనని ప్రకటించారు.

మర్నాడు గేటు బయట టీచర్లు గుంపులు కట్టారు. ఒక ఎలిమెంటరీ బడికి పదకొండు మంది హెడ్మాస్టర్లను వేశారు, పాఠం చెప్పేవాడు ఒక్కడూ లేడు. ఒక హిందీ పండితుణ్ణి ఆయన పుట్టిన తేదీకి బదిలీ చేశారు. అక్కడ ఎలా చేరాలో తెలియక ఆయన చార్జి ఎవరి దగ్గర తీసుకోవాలని అడుగుతున్నాడు. ఒక డ్రిల్లు మాస్టారికి తన బడిలోనే తన స్థానంలోకి బదిలీ అయింది. తననుంచి తాను రిలీవ్ కావడానికి ఆయన అప్పటికే సెలవు పెట్టాడు. కొన్ని ఆర్డర్లలో టీచర్లకు బదులు బడులకే బదిలీ అయింది. అలాంటివి ఎన్ని, ఎక్కడివి అని ఎవరూ లెక్క తియ్యలేదు. భానోజీ కూడా తియ్యలేదు. తెలుసుకుంటే ఊరుకోవడం కష్టమవుతుందని అతనికి తెలుసు.

డైరెక్టరు గారి గదిలో మళ్ళీ సమావేశం.

"బయటివాళ్ళు కంప్యూటరు క్రాష్ అయిందంటున్నారు. అయిందా?" అని అడిగారు.

"కాలేదు సార్," అన్నాడు తాతాచార్యులు. "క్రాష్ కావడానికి సున్నా గారి అనుమతి కావాలి. సున్నా గారు ఇవ్వలేదు. మూడో నంబరు మనవి ఇప్పటికీ పెండింగులోనే ఉంది. పెండింగులో ఉన్నదాన్ని జరిగిందనడం నిబంధనలకు విరుద్ధం."

"మరి ఆ ముక్క ఆర్డర్లన్నిటి కిందా ఉంటే మంచిది. సిస్టమ్ ఇంజనీరు చేత ధ్రువీకరణ తీసుకోండి," అన్నారు డైరెక్టరు గారు. "ఆయన ఇవ్వనంటే అన్నీ రద్దు చేసి వచ్చే ఏడు మొదలుపెడదాం. మాకేం పట్టింపు లేదు."

భానోజీ వరండాలోకి వచ్చి హైమావతికి ఫోను చేశాడు. ఆమె గొంతులో నాలుగేళ్ళుగా వినని హుషారు. పిల్లలు దండ వేశారట, ఒక తల్లి కోడిపెట్టను ఇవ్వబోతే వద్దందట.

"హైమా, కొన్ని ఆర్డర్లు తేడాగా వచ్చేయి," అన్నాడు.

"మనదో?"

"మనది సరిగ్గానే ఉంది."

"మిగతావాళ్ళవి సరిచేస్తారు కదా?"

"చేస్తారు," అన్నాడు భానోజీ. చెయ్యరని తెలిసే అన్నాడు. లోపలికి వెళ్ళి, యంత్రం ఏ దశలోనూ ఆగలేదని, ఆర్డర్లన్నీ సక్రమమైనవని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టాడు. పెట్టేటప్పుడు సిగ్గేసింది. బయటికొచ్చి, బళ్ళు తెరిచేనాటి పొద్దుటికి రెండు మూరల మల్లెమొగ్గలు కావాలని పూలమ్మే ఆమెకు చెప్పిపెట్టాడు.

బళ్ళు తెరిచిన రోజున హైమావతిని స్కూటరెక్కించుకుని వీధి చివరికి తీసుకెళ్ళాడు. తోటవీధి హైస్కూలు గేటు ముందు లారీ ఉంది. బెంచీలు, బల్లలు, గంట, నల్లబోర్డులు అందులో కట్టి ఉన్నాయి. ఇద్దరు కూలీలు పేరుబోర్డు ఊడదీస్తున్నారు. ఖాళీ ఆవరణలో పిల్లలు సంచులు తగిలించుకుని నిలబడి ఉన్నారు. హెడ్మాస్టరు పైడిరాజు చేతిలో కాగితాలతో ఎదురొచ్చాడు.

"మీరేనా అమ్మా కొత్త టీచరు? మీకోసమే ఆగేం. ఇక్కడ జాయినింగు సంతకం పెట్టీసి లారీలో ముందు సీట్లో కూకోండి."

"లారీ ఎక్కడికండీ?" అంది హైమావతి.

"స్కూలుకి బదిలీ అయిపోనాది కదమ్మా. ఎక్కడో ఏజెన్సీ అంట. గుమ్మలగొంది."

"మరి ఈ పిల్లలో?"

"పిల్లల్ని రిలీవ్ చెయ్యలేదమ్మా. ఆర్డర్లో లేదు."

భానోజీ గేటు పక్కకు వెళ్ళి తాతాచార్యులకు ఫోను చేశాడు. ఆయన కంప్యూటరులో చూసి చెబుతానని చెప్పి, చూసి చెప్పాడు. ఒకే వరుసను రెండు ప్రాసెసర్లు ఒకేసారి పట్టుకున్నాయి. ఒకటి టీచరును బడి ఉన్నచోటుకి పంపింది, రెండోది బడిని టీచరు ఉన్నచోటుకి పంపింది. "ఇది మ్యూచువల్ బదిలీ కిందికి వస్తుంది భానోజీ గారూ. మ్యూచువల్ అయ్యాక ఏ పక్షమూ వెనక్కి తగ్గరాదు. టీచరు తాను చేరిన బడి ఎక్కడుంటే అక్కడే పనిచెయ్యాలి."

"సార్, ఇది క్రాష్ వల్ల జరిగిందండి. రద్దు చెయ్యండి."

"క్రాష్ అని రుజువైతే రద్దు చెయ్యొచ్చు. కానీ కాలేదని ధ్రువీకరణ ఉంది కదా," అన్నాడు తాతాచార్యులు. ఎవరిదని మాత్రం అనలేదు. మర్యాద తెలిసిన మనిషి.

చేరకపోతే సర్వీసు పోతుంది. హైమావతి సంతకం పెట్టి లారీ ఎక్కింది. భానోజీ ఆమె సంచి అందించాడు. సంతకం సంగతి చెప్పబోయి, లారీ తలుపు వేశాడు. ఆమె తల్లోని మల్లెలు ఇంకా విచ్చలేదు.

మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది. ఇంజను మోతలో మాట తెగుతూ వినిపిస్తోంది.

"ఏమండీ, దారి పొడుగునా మాస్టారు ఆర్డరు చదువుతున్నారు. కింద ఎవరో సంతకం పెట్టేరంట. మిషను ఎక్కడా ఆగలేదు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి అని. సిస్టమ్ ఇంజనీరు అని ఉందంట."

భానోజీ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"మీ ఆఫీసులో సిస్టమ్ ఇంజనీరు మీరొక్కరే కదండీ?"

అతను నోరు తెరిచేలోగా లారీ ఘాట్ రోడ్డెక్కింది, సిగ్నల్ పోయింది. ఈ నాలుగేళ్ళలో ఆ ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ పోయిన ప్రతిసారీ అతను టవర్ల వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఈసారి మాత్రం బతికిపోయాననుకున్నాడు. అలా అనుకున్నందుకు ఏడుపొచ్చింది.